గాజు పలకలలో ఆకాశము

గడచిన రాత్రిని మరల రప్పింపగలవారు లేరు. నిన్న రాత్రి ఆకాశమున ఏదో యొక నక్షత్రము కొంచెము మసకబారి యుండవచ్చును. దానిని ఎవరును గుర్తింపకపోయినచో ఆ సంగతి శాశ్వతముగా మఱుగుపడిపోవును. అయినను నూఱేండ్లకు పైబడిన కాలములోని వేలకొలది రాత్రులను దాచియుంచిన భాండాగారము ఒకటి ఈ లోకమున కలదు. అందున్నవి బంగారు నాణెములు కావు, రత్నములును కావు. చేయిజారినచో పగిలిపోవు గాజు పలకలు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున కేంబ్రిడ్జి అను పట్టణము కలదు. 1636లో స్థాపింపబడిన హార్వర్డు విశ్వవిద్యాలయము అచటనే యున్నది. ఆ విశ్వవిద్యాలయపు వేధశాలలో ఐదు లక్షలకు పైగా గాజు పలకలు భద్రపఱుపబడినవి. వానిలో పెక్కింటి పరిమాణము ఇంచుమించు బడిపిల్లల పలకంత యుండును. ప్రతి పలకయు ఒకానొక రాత్రి ఆకాశమున ఒక భాగమునకు తీసిన ఛాయాచిత్రము.

1877లో ఆ వేధశాలకు అధిపతియైన ఎడ్వర్డు పికరింగు ఈ పనికి పూనుకొనెను. మానవుని కన్ను క్షణకాలమున తనపై పడిన వెలుతురును మాత్రమే గ్రహింపగలదు. వెండి లవణములు పూసిన గాజు పలకయో, దూరదర్శినికి అమర్చి గంటల తరబడి యుంచినచో, వెలుతురును కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనును. అందుచే కంటికి కానరాని నక్షత్రములు సైతము దానిపై నల్లని చుక్కలుగా నిలిచిపోవును. ఉత్తరార్ధగోళమునుండి కనబడని దక్షిణాకాశమును చిత్రించుటకై దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, అరెకీపా పట్టణముకడ మఱియొక కేంద్రమును నెలకొల్పిరి. అచట తీసిన పలకలను పెట్టెలలో భద్రముగా సర్ది ఓడలమీద హార్వర్డునకు పంపుచుండిరి.

ఈ పలకలను చదువుట సులభమైన పని కాదు. ఒక్కొక్క పలకపై వేలకొలది చుక్కలుండును. భూతద్దముతో వానిని పరిశీలించి, ఒక రాత్రి చిత్రమును మఱియొక రాత్రి చిత్రముతో పోల్చి, మార్పు కనబడిన చుక్కచుట్టును గాజుపై సిరాతో గుర్తు పెట్టి, లెక్కలను పుస్తకములలో వ్రాయవలెను. పికరింగు ఈ పనికి స్త్రీలను నియమించెను. ఆ కాలమున వారికి దూరదర్శినికడ కూర్చుండి ఆకాశమును పరిశీలించు అవకాశము అరుదు. వారికిచ్చు జీతమును స్వల్పమే. అయినను ఆకాశమును గూర్చి లోకమునకు తెలియని సంగతులు పెక్కింటిని మొదట కనుగొన్నవారు ఆ స్త్రీలే.

వారిలో విలియమీనా ఫ్లెమింగు ఒకతె. ఆమె స్కాట్లండులో జన్మించి అమెరికాకు వచ్చెను. భర్త విడిచిపోగా పికరింగు ఇంట పనిమనిషిగా చేరెను. ఆమె తెలివిని గుర్తించి పికరింగు ఆమెను వేధశాల పనిలో ప్రవేశపెట్టెను. 1888లో ఒక పలకను పరిశీలించుచు ఆమె గుఱ్ఱపుతల ఆకారముగల నీహారికను కనుగొనెను. కాని 1895లో వెలువడిన ప్రసిద్ధమైన పట్టికలో ఆమె పేరు కానరాలేదు. ఆ ఘనత పికరింగునకే చెందెను. తరువాత 1908లో వెలువడిన పట్టికలో ఆమెకు న్యాయము జరిగెను.

1899లో ఫ్లెమింగు ఛాయాచిత్ర ఫలకముల సంరక్షకురాలుగా నియమింపబడెను. మఱుసటి యేడు విశ్వవిద్యాలయమువారు తమ నాటి జీవితము భావితరములకు తెలియవలెనని అనేక వస్తువులను, దినచర్యలను సేకరించి ఒక పెట్టెలో భద్రపఱచిరి. అందుకొఱకు ఫ్లెమింగు వ్రాసిన దినచర్యయు అందు చేరెను. పురుషులైన సహాయకులకు ఏడాదికి 2,500 డాలర్లు ముట్టుచుండగా తనకు 1,500 మాత్రమే లభించుచున్నవని ఆమె అందు నిర్భయముగా వ్రాసెను. ఆ కాగితములు నేటికిని విశ్వవిద్యాలయ భాండాగారమున నున్నవి. ప్రచురణలు చెప్పని సంగతిని దినచర్య చెప్పినది.

హెన్రియెట్టా లీవిటు కథ మఱింత గమనింపదగినది. ఆమెకు వినికిడి తక్కువ. దక్షిణాకాశమున మెగలాను మేఘములని పిలువబడు రెండు తారాసమూహములు కలవు. పెరూనుండి వచ్చిన పలకలమీద వానిని ఆమె ఏండ్ల తరబడి పరిశీలించి, వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు 1,777 నక్షత్రములను గుర్తించి, 1908లో ఆ వివరములను ప్రకటించెను. చిన్న మేఘములోని అట్టి 25 నక్షత్రములను గూర్చిన చిన్న ప్రచురణ 1912లో వెలువడెను. ఆ ప్రచురణ పికరింగు పేరుతో వెలువడినదే. కాని అది లీవిటు సిద్ధపఱచిన విషయమని అందలి మొదటి మాటలే తెలుపుచున్నవి.

ఆమె కనుగొన్నదేమి? వెలుగు హెచ్చి, తగ్గి, మరల హెచ్చుటకు ఎక్కువ దినములు పట్టు నక్షత్రము ఎక్కువ ప్రకాశవంతమైనది. దీని ప్రయోజనమును ఒక ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. కార్తికమాసమున దూరపు కొండమీది కోవెలలో దీపములు వెలిగించిరనుకొందము. అవి యన్నియు మనకు ఇంచుమించు ఒకే దూరమున నున్నవి. కావున వానిలో పెద్దదిగా కనబడునది నిజముగనే పెద్ద దీపము. చిన్న మేఘములోని నక్షత్రములును అట్టివే. కాని వేఱువేఱు చోట్లనున్న దీపముల విషయమున ఈ నిశ్చయము కుదురదు. మసకగా తోచునది చిన్న దీపమో, దూరపు పెద్ద దీపమో తెలియదు. అట్టి యెడ నక్షత్రము హెచ్చుతగ్గులకు పట్టు దినములను లెక్కించినచో దాని నిజమైన ప్రకాశము తెలియును. దానిని మన కంటికి తోచు ప్రకాశముతో పోల్చినచో దూరము తెలియును. ఆ విధముగా ఆకాశమును కొలుచుటకు ఒక కొలబద్ద లభించినది.

1923లో ఎడ్విను హబులు అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలోని మౌంటు విల్సను వేధశాలనుండి ఆండ్రోమెడా నీహారికలో ఇట్టి నక్షత్రమును కనుగొని, లీవిటు కొలబద్దతో కొలిచెను. ఆ నీహారిక మన పాలపుంతలోనిది కాదనియు, దానికి బయట మిక్కిలి దూరముననున్న మఱియొక తారాసముదాయమనియు తేలెను. లోకము ఒక్కసారిగా విశాలమైనది. కాని లీవిటు ఆ విజయమును చూడలేదు. ఆమె 1921లోనే మరణించెను.

పలకల ప్రయోజనము అంతటితో తీరిపోలేదు. 1963లో శాస్త్రజ్ఞులు క్వేజారులను అతిదూరపు వింత జ్యోతులను గుర్తించిరి. వాని వెలుగు మారుచుండునా అను ప్రశ్న పుట్టెను. సమాధానమునకై ముందున్న కాలమంతయు ఎదురుచూడ నక్కఱ లేకపోయెను. హార్వర్డు పలకలను తీసి చూడగా, 1880ల నాటినుండి అందొక జ్యోతి చిత్రము దొరకెను. దాని వెలుగు మారుచుండెనని తేలెను. ఆ పలకలను తీసినవారికి క్వేజారు అను మాటయే తెలియదు. పుట్టని ప్రశ్నకు వారు సమాధానమును దాచియుంచిరి.

అయితే ఆ వరుసలో ఒక వెలితియు కలదు. 1950లలో ధనాభావముచే పలకలు తీయుటను నిలిపివేసిరి. 1960ల చివరగాని అది మరల సాగలేదు. ఆ నడుమనున్న రాత్రులను ఎంత ధనము పోసినను నేడు కొనలేము.

ఈ వేధశాలతో మన హైదరాబాదునకును సంబంధము కలదు. వేణు బాపు తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసెను. ఆ వేధశాలయందు బాల్యముననే ఆకాశముతో పరిచయము కలిగిన బాపు, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో 1949లో హార్వర్డునకు వెళ్లెను. ఆ యేడు జూలైలో తాను తీసిన పలకను పరిశీలించుచు నొక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. దానికి బాపు–బాకు–న్యూకిర్కు తోకచుక్క యని పేరిడిరి. తరువాత స్వదేశమునకు తిరిగివచ్చి మన దేశపు ఖగోళశాస్త్రమునకు ఆయన మార్గదర్శకుడయ్యెను. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన పేరుననే వెలయుచున్నది.

2016 జనవరిలో భాండాగారమునకు ఒక ఆపద వచ్చెను. నీటిగొట్టము పగిలి అడుగుభాగమున నీరు నిండగా, దాదాపు 61,000 పలకలు తడిసెను. వానిని శుభ్రపఱచి రక్షించుటకు గొప్ప ప్రయత్నము చేయవలసి వచ్చెను. అంతకు ముందే ఆరంభమైన మఱియొక కార్యము 2024లో పూర్తియైనది. నాలుగు లక్షలకు పైగా పలకల చిత్రములను యంత్రముతో గ్రహించి కంప్యూటరులలో నిక్షేపించిరి. కాని ఇందొక ధర్మసంకటము కలదు. నక్షత్రములు స్పష్టముగా తెలియవలెనన్న, గాజుపైనున్న ఆ స్త్రీల సిరా గుర్తులను తుడువవలెను. తుడిచినచో వారి శ్రమకు గుర్తులు పోవును. అందుచే మొదట ఆ గుర్తులతోడనే చిత్రములు తీసి, పిదప తుడిచిరి. చరిత్రలో ముఖ్యమైన కొన్ని పలకలను ముట్టక అట్లే యుంచిరి.

ఒకవంక నక్షత్రముల చరిత్ర, మఱియొకవంక మనుష్యుల చరిత్ర: ఈ రెండును ఒకే గాజుమీద నిలిచినవి. పలకలు మాత్రమే యుండి ప్రచురణలు లేకపోయినచో లీవిటు కనుగొన్న సూత్రము లోకమునకు అందకపోవును. ప్రచురణలు మాత్రమే యుండి పలకలు, దినచర్యలు లేకపోయినచో ఎవరి శ్రమ ఎంతయో తెలియకపోవును. దాచిన వస్తువు ఎన్నడు, ఎవరికి, ఏ విధమున పనికివచ్చునో దాచినవానికే తెలియదు. కనుకనే పాత వస్తువును పాఱవేయుటకు ముందు ఒక్కసారి ఆలోచించుట విజ్ఞుల లక్షణము.