జల్లెడలో చిక్కిన తొండ

మాఘ, ఫాల్గుణ మాసాలలో గుంటూరు జిల్లాలో ఏ మిరప కళ్ళానికి వెళ్ళినా ఒక దృశ్యం కనిపిస్తుంది. కాయలు ఎర్రగా రాసులు పోసి ఉంటవి. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతూ ఉంటారు. మన కంటికి అన్నీ ఒకేలా కనిపించే రాసిలో వాళ్ళ కన్ను తాలుకాయను ఇట్టే పట్టేస్తుంది. ఆ పని ఎంత కష్టమో ఒక్క గంట కూర్చుని చూస్తే మీకే తెలుస్తుంది.

సరిగ్గా అటువంటి కన్నూ, అటువంటి ఓపికా ఉన్నవాళ్ళే మరొక రకం రాసిని ఏరి, సుమారు 17 కోట్ల ఏళ్ళనాటి బుల్లి సరీసృపాల దవడలు పైకి తీశారు. ఎక్కడో విదేశాలలో కాదు, మన గోదావరి లోయలోనే!

రాక్షసి బల్లుల పేరు వినని పిల్లలు ఉండరు. ప్రాణహిత నది గోదావరిలో కలిసే ప్రాంతంలో కోట అనే ఊరున్నది. ఆ ఊరిపేరు మీదనే అక్కడి రాతి పొరలను “కోట శిలలు” అంటారు. 1961 ప్రాంతంలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు ఈ శిలలలో ఒక మహాకాయుడి ఎముకలు తవ్వి తీశారు. దాని తొడ ఎముక ఒక్కటే దాదాపు మనిషంత పొడవు! అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. అందుచేత 1975లో ఆ జంతువుకు “బరపాసారస్ టాగోరై” అని పేరు పెట్టారు. బెంగాలీలో “బర పా” అంటే పెద్ద కాలు. ఈ శిలలలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన మరొక రాక్షసి బల్లికి 1988లో పి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు “కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్” అని పేరు పెట్టాడు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. చూడని వాళ్ళు ఈసారి సెలవులలో మీ నాన్నగారిని అడిగి తప్పక వెళ్ళి చూడండి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఏ అడవిలోనైనా ఏనుగులు మాత్రమే ఉంటవా? ఎలుకలూ, తొండలూ, కప్పలూ ఉండవా? మరి ఆ రాక్షసి బల్లుల కాళ్ళ సందున తిరిగిన చిన్న ప్రాణులు ఏమైనవి?

అవి ఎక్కడికీ పోలేదు. ఆ మట్టిలోనే ఉన్నవి. కాని పెద్ద ఎముకకోసం వెతికే కంటికి ఆవగింజంత పన్ను కనిపించదు. దానికి గునపం పనికిరాదు, జల్లెడ కావాలి. 1981లో దత్తా అనే శాస్త్రజ్ఞుడు కోట శిలలలో దొరికిన చిన్న పన్నును చూసి, అది పాలిచ్చే జంతువుదని పోల్చుకుని, దానికి “కోటథీరియం హాల్డేనై” అని పేరు పెట్టాడు. మన దేశానికి వచ్చి స్థిరపడిన జె. బి. ఎస్. హాల్డేన్ పేరు అది.

ఇక మన తొండ కథకు వద్దాం. ఢిల్లీ వెళ్ళే రైలెక్కి మంచిర్యాల, బెల్లంపల్లి దాటితే రెబ్బన వస్తుంది. ఇప్పుడది కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నది. ఆ దగ్గరలోని పైకాసిగూడెం మట్టి నుంచి జి. వి. ఆర్. ప్రసాద్, మన్హాస్ అనే శాస్త్రజ్ఞులు చిన్న చిన్న దవడ ముక్కలు సేకరించారు. లండన్‌లో బల్లి జాతుల శిలాజాలు బాగా ఎరిగిన సూజన్ ఇవాన్స్ అనే ఆవిడతో కలిసి వాటిని పరీక్షించారు. 2001లో రెండు కొత్త జంతువులు లోకానికి తెలిసినవి. వాటి పేర్లు “రెబ్బనసారస్”, “గోదావరిసారస్”. వీటి చుట్టం ఒక్కటే ఈనాడు భూమిమీద మిగిలి ఉన్నది. అది న్యూజీలాండులో ఉండే టువటారా. మరుసటి ఏడు, 2002లో, మూడవ దానికి పేరు పెట్టారు: “భారతగామ రెబ్బనెన్సిస్”. “అగామా” అంటే తొండల జాతి. మన కంచెమీద తల ఆడించే తొండకు అది పూర్వీకుల వరసన చుట్టమని వారి అభిప్రాయం.

దవడ ముక్క చూసి ఇదంతా ఎట్లా చెప్పారు? పళ్ళు చూసి! ఇంట్లో గోడమీది బల్లికి పళ్ళు దవడ లోపలి వైపున ఆనుకుని ఉంటవి. పాతవి రాలితే కొత్తవి వస్తవి. తొండకు అట్లా కాదు. దాని పళ్ళు చాలామటుకు దవడ అంచుమీదనే ఎముకతో కలిసి అతుక్కుపోతవి. అరిగితే అరగవలసిందే, మళ్ళీ రావు. నువ్వుగింజంత ముక్కలో కూడా ఈ తేడా భూతద్దంలో కనిపిస్తుంది.

ఈ పని సాధారణంగా ఇట్లా సాగుతుంది. ముందు మట్టిని సంచులలో నింపి తెచ్చి ఎండబెడతారు. పచ్చి బంకమట్టి నీళ్ళలో వేస్తే ముద్దవుతుంది. బాగా ఎండినది వేస్తే బుసబుసమని విడిపోతుంది. మొండి మట్టి అయితే ముందు కిరసనాయిలులో నానబెట్టి, తరువాత నీళ్ళు పోస్తారు. (ఇది పెద్దవాళ్ళు చేసే పని. మీరు దాని జోలికి పోవద్దు.) సున్నపురాయి అయితే పల్చని ఎసిటిక్ ఆమ్లంలో ఉంచుతారు. రాయి కరుగుతుంది, ఎముక మిగులుతుంది. తరువాత మట్టినీళ్ళను సన్నని జల్లెళ్ళలో మెల్లగా కడుగుతారు. బస్తాడు మట్టి కడిగితే గుప్పెడు ఇసుక మిగలవచ్చు. దానిని ఎండబెట్టి, సూక్ష్మదర్శిని కింద పరిచి, తడి కుంచె కొసతో ఒక్కొక్క రేణువునే పక్కకు జరుపుతూ చూస్తారు. మిరప కళ్ళంలో కూర్చున్నట్టే!

ఈ విద్య కొత్తది కాదు. 19వ శతాబ్దంలో చార్లెస్ మూర్ అనే ఇంగ్లీషు ఆయన వట్టి సరదాకొద్దీ శిలాజాలు వెతికేవాడు. ఒక రాతిగని పగుళ్ళలోని మట్టిని మూడు టన్నులు బండ్లమీద తన ఊరు బాత్‌కు తరలించి, అంతా ఏరాడు. చేపల పళ్ళూ, సరీసృపాల ఎముకలూ కుప్పలుగా వచ్చినవి. ఆయనకు కావలసిన తొలినాటి పాలిచ్చే జంతువుల పళ్ళు మాత్రం పాతిక పైచిలుకు! ఇరుగుపొరుగులు ఏమనుకున్నారో గాని, ఆ పళ్ళ గురించి శాస్త్రజ్ఞులు నేటికీ చెప్పుకుంటారు. అమెరికాలో హాచర్ అనే ఆయన ఇంకా తెలివైన ఉపాయం కనిపెట్టాడు. అక్కడి చీమలు పుట్టలు కట్టేటప్పుడు చిన్న రాళ్ళతో పాటు శిలాజాల పళ్ళు కూడా పైకి తెచ్చి పోస్తవి. ముందు చీమలపుట్టలు వెతకండి అని 1896లో ఆయన రాశాడు.

ఇంతవరకు చదివి మీరు జల్లెడ పట్టుకుని పత్తిచేనుకు పరుగెత్తబోతున్నారేమో, ఆగండి. మన నల్లరేగడి రాక్షసి బల్లుల తరువాత ఎంతో కాలానికి ఏర్పడిన నేల. అందులో దొరికే తెల్లని గడ్డలు సున్నపు గడ్డలేగాని ఎముకలు కావు. చిన్నప్పుడు నేను అటువంటిది ఒకటి రాక్షసి పన్ను అనుకుని నెల రోజులు పుస్తకాల పెట్టెలో దాచాను!

అయితే మన ప్రాంతం బొత్తిగా గొడ్డుపోలేదు. ఒంగోలు వైపున బూదవాడ, వేమవరం పేర్లతో పిలిచే పాత రాతి పొరలున్నవి. వేమవరం పలకలను విడదీస్తే ఆకుల అచ్చులు కనిపిస్తవి. బూదవాడ పొరలలో చుట్ట తిరిగిన అమ్మోనైట్ గుల్లలు దొరికినవి. అవి సముద్రపు ప్రాణులు. అంటే ఒకప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేదన్నమాట.

దవడలు పోల్చడం నేర్చుకోవడానికి ఇంకా సులువైన చోటు ఒకటున్నది. గుడ్లగూబ ఎలుకనూ తొండనూ మింగి, అరగని ఎముకలనూ వెంట్రుకలనూ ఉండగా చేసి కక్కివేస్తుంది. పాత గుడి గోపురం కిందనో, పెద్ద చింతచెట్టు కిందనో అవి పడి ఉంటవి. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి, చేతికి తొడుగు వేసుకుని ఒక ఉండ తెండి. వేడినీళ్ళలో నానబెట్టి, పాత టీ వడపోతలో కడిగి, నల్లకాగితం మీద ఆరబెట్టండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి సుమా! ఎలుక ముందుపళ్ళు సులువుగా తెలిసిపోతవి. తొండ దవడ దొరికితే అంచుమీది పళ్ళను భూతద్దంతో చూడండి. పైకాసిగూడెం మట్టిలో శాస్త్రజ్ఞులు చూసినది అటువంటి దానినే.

దొరికిన ప్రతిదానినీ అగ్గిపెట్టెలో పెట్టి, ఏ ఊరు, ఏ చెట్టు కింద, ఏ తేదీ అన్నది అప్పుడే రాసి అంటించండి. రేపు రాద్దాం అనుకుంటే మరిచిపోతారు. ఎక్కడిదో తెలియని ఎముక ఎంత అందంగా ఉన్నా శాస్త్రజ్ఞులకు అక్కరకు రాదు. ఎక్కడైనా రాతిలో నిజమైన శిలాజమే కనిపిస్తే పెకలించవద్దు. చోటు గుర్తు రాసుకుని మీ సైన్సు మాస్టారుకు చెప్పండి. ఆయన భూగర్భ శాస్త్రం చెప్పే కాలేజీకిగాని, హైదరాబాదులోని భారత భూగర్భ సర్వే వారికిగాని రాస్తారు.

భారతగామ సంగతి ఇంకా తేలలేదు. అది తొండల జాతిది కాదేమోనని వాదించే శాస్త్రజ్ఞులు ఉన్నారు. వట్టి దవడలూ పళ్ళూ చూసి అంతమాట చెప్పరాదని వారంటారు. పుర్రె ఎముక ఒక్కటి దొరికినా వాదం చాలావరకు తేలుతుంది. అది ఉంటే, కడగని మట్టిలోనే ఉండాలి.