ఓరుగల్లు నుంచి ఆఫ్రికా అడవికి

ఆఫ్రికా సఫారీ అనగానే వరంగల్ మధ్యతరగతి కుటుంబానికి లక్షలు కళ్లముందు కదులుతాయి. ఆ లక్షలు ఎక్కడ పోతున్నాయో చూసుకుంటే సగం భయం తగ్గుతుంది. విమాన టికెట్ తర్వాత పెద్ద ఖర్చు రోజువారీ జీపు, డ్రైవరు, పార్కు రుసుము. 2024లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కెన్యాలోని మసాయి మారాలో విదేశీయులకు రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జూలై నుంచి 200. విల్డెబీస్ట్ అనే జంతువుల మందలు వలస వచ్చేది ఆ ఖరీదైన నెలల్లోనే. మందలు లేని మారాలో ఏముంటుందని అడగవచ్చు. సింహాలు, చిరుతలు, ఏనుగులు ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. ఫిబ్రవరిలో నలుగురు కలిసి ఒకే జీపు మాట్లాడుకుంటే ఖర్చు బాగా దిగివస్తుంది.

నా మొగ్గు మాత్రం దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వైపే. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్ల ఆ పార్కులో అద్దె కారు మనమే నడుపుకోవచ్చు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు. తారు రోడ్డుపై వేగం 50 కిలోమీటర్లు దాటకూడదు, మధ్యలో కారు దిగకూడదు, గేటు మూసేలోగా క్యాంపుకు చేరాలి. సటారా లాంటి క్యాంపుల్లో వంటగది ఉన్న కుటీరాలున్నాయి. బియ్యం, పప్పు కొనుక్కుంటే హోటల్ ఖర్చు తప్పుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా గడ్డి ఎండి, జంతువులు నీటిగుంటల దగ్గర చేరతాయి. మలేరియా మాత్రల గురించి ముందే డాక్టర్ని అడగాలి. కెన్యాకైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి.

ఇంత దూరం ఎందుకు, కాజీపేటలో రైలెక్కితే చంద్రాపూర్, అక్కడి నుంచి తాడోబా పులులు దగ్గరే కదా అన్న మాటా న్యాయమే. ముందు అక్కడికే వెళ్లాలి. తెల్లవారుజామున గంటలకొద్దీ కదలకుండా చూడగల ఓపిక పిల్లలకుందో లేదో తక్కువ ఖర్చులో తేలుతుంది.