గుంతకల్లు నుంచి రాకెట్టును ఎగురవేయరాదా?

గుంతకల్లు పరిసరాలలో మెట్టనేలకు కొదువ లేదు. సంవత్సరంలో అధికభాగం ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. అట్లా ఉండడమే ఈ సీమ దురదృష్టం, ఆ మాట వేరు. నలుదిక్కులకూ రైలుమార్గాలున్నవి. ఇట్టి చోటు విడిచి, తుపానుల తాకిడిగల శ్రీహరికోట నుంచి రాకెట్లను ఏల ప్రయోగించవలె? విద్యార్థులు అడిగే ఈ ప్రశ్న సమంజసమైనదే.

విమానం గాలిని ఆనుకొని ఎగురుతుంది. రెక్కలు గాలిని కిందికి నెట్టగా, గాలి వాటిని పైకి నెట్టుతుంది. ఇంజనులో ఇంధనం మండడానికి వలసిన ప్రాణవాయువునూ ఆ గాలియే ఇస్తుంది. రాకెట్టుకు ఈ ఆసరాలు అక్కరలేదు. ఇంధనాన్నీ, దానిని మండించే పదార్థాన్నీ తనలోనే మోసుకొనిపోతూ, మండిన వాయువులను మహావేగంతో వెనుకకు చిమ్ముతుంది. అందుకు ప్రతిచర్యగా తాను ముందుకు సాగుతుంది. కనుకనే శూన్యంలోనూ దాని గమనం ఆగదు.

అయితే ఎత్తుకు పోవడం సగం పని కూడా కాదు. గుత్తి కోటపై నిలిచి రాయి విసిరితే కొంతదూరాన పడుతుంది. బలంగా విసిరితే మరికొంత దూరాన. గాలి అడ్డులేని ఎత్తులో, సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా విసరగలిగితే ఆ రాయి పడుతూనే ఉంటుంది గాని, భూమి కూడా వంగిపోతున్నందున నేలను తాకదు. ఉపగ్రహం అట్టి రాయి. అందుచేతనే నిలువుగా లేచిన రాకెట్టు కొద్దిసేపటికే పక్కకు ఒరుగుతుంది. తూర్పునకు ఒరిగితే భూభ్రమణం సెకనుకు సుమారు 450 మీటర్ల వేగాన్ని ఉచితంగా సమకూరుస్తుంది. ఈ లాభం గుంతకల్లుకూ శ్రీహరికోటకూ ఇంచుమించు సమానమే.

భేదమంతా కింద ఉన్నది. పి.ఎస్.ఎల్.వి. ఎత్తు 44 మీటర్లు, బరువు సుమారు 320 టన్నులు, అంచెలు నాలుగు. మండిపోయిన అంచె వట్టి బరువు గనుక దానిని దారిలోనే విడిచివేస్తారు. అంటే టన్నులకొద్దీ లోహం ఆకాశం నుంచి రాలుతుందన్నమాట. గుంతకల్లు నుంచి తూర్పుగా సముద్రం దాదాపు 280 కిలోమీటర్లు. నడుమ నంద్యాల సీమ, నల్లమల, కనిగిరి ప్రాంతపు పల్లెలు.

రాకెట్టే దారి తప్పితే? 2006 జూలై 10న శ్రీహరికోట నుంచి లేచిన జి.ఎస్.ఎల్.వి. నిమిషం తిరిగేసరికి అదుపు తప్పింది. శకలాలు బంగాళాఖాతంలో పడ్డవి, నష్టం ధనానికే. 1996 ఫిబ్రవరిలో చైనాలో, సముద్రానికి దూరమైన షీచాంగ్ కేంద్రం నుంచి బయలుదేరిన రాకెట్టు మాత్రం క్షణాలలో ఒరిగి కొండవాలుపై కూలింది. అధికారుల లెక్కప్రకారమే ఆరుగురు మరణించారు.

1969లో ఎంపిక చేసినప్పుడు శ్రీహరికోట నిర్జనమేమీ కాదు. అక్కడి యానాదులు తమ నివాసాలను విడువవలసివచ్చింది. ఈ సంగతి ప్రయోగాల ప్రశంసలలో అంతగా వినబడదు.

ఆ దీవికీ ఒక లోపమున్నది. ధ్రువాలమీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణంగా పంపవలె. ఆ దారిలో శ్రీలంక అడ్డు. దానిని తప్పించి రాకెట్టు వంపు తిరగడంతో మోయగల బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకు ఈ నష్టం దుర్భరం. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండవ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడినుంచి దక్షిణానికి అంతా సముద్రమే.