నిన్న ఏం తిన్నావమ్మా?

“ఏం తింటం బిడ్డా, గదే బువ్వ, గదే చారు” అంటుంది ఆ ఇల్లాలు. అడిగిన ఎమ్మెస్సీ న్యూట్రిషన్ విద్యార్థిని అంతటితో ఊరుకోదు. సంచిలోంచి చిన్నా పెద్దా గిన్నెల సెట్టు తీసి ముందు పరుస్తుంది. బువ్వ ఏ గిన్నెడు? చారు ఎన్ని గరిటెలు? పొద్దున ఎన్ని బియ్యం పోశారు, ఎంత పప్పు వేశారు, ఉడికాక ఎంత అయింది, అందులో నీ పళ్లెంలోకి వచ్చిందెంత? చేను గట్టున తెంపుకు తిన్న జామకాయ, చాయ్‌లో వేసుకున్న చక్కెర కూడా రాసుకుంటుంది. జనం చెప్పడం మరిచిపోయేవి ఎక్కువగా ఇవే. ఇరవై నాలుగు గంటల తిండిని ఇలా గుర్తు చేయించి, పచ్చి సరుకు లెక్కలోకి మార్చి, పోషక విలువల పట్టికతో సరిచూస్తే ఆమె ఒంటికి ఎంత మాంసకృత్తి, ఎంత ఇనుము అందాయో తేలుతుంది. ఆ ఇంట్లో చివరగా తినేదెవరో, అప్పటికి గిన్నెలో మిగిలేదేమిటో కూడా బయటపడుతుంది. నా మటుకు నాకు ఈ రెండో సంగతే పెద్దది.

న్యూట్రిషన్ చదివిందంటే మన పట్టణాల్లో గుర్తొచ్చేది డైట్ చార్టు, పెళ్లి లోపు నాలుగు కిలోలు తగ్గించే మేడమ్. హోంసైన్స్‌ను వంటల కోర్సని నవ్విన రోజులు పోయాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో దాని పేరు కూడా కమ్యూనిటీ సైన్స్‌గా మారింది. కానీ ఈ చదువు ఎవరికోసం పుట్టిందో మాత్రం చాలామందికి తెలియదు.

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు నీలగిరుల్లోని కూనూరులో ఒకే ఒక్క గదిలో ప్రయోగశాల పెట్టాడు, బెరిబెరి గుట్టు విప్పడానికి. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక మీదుగా రోజూ బస్సులో వెళ్లేవాళ్లకు అది ఓ స్టాపు పేరు మాత్రమే.

హైదరాబాదు వచ్చాక ఆ సంస్థ వాళ్లకు గుమ్మంలోనే ఓ చిక్కుముడి ఎదురైంది. దక్కను పల్లెల కూలీలు మెడ చుట్టూ కంటె పెట్టినట్టు, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, పొలుసులు లేచి ఆస్పత్రులకు వచ్చేవారు. విరేచనాలు, కొందరికి మతి చలించడం. అది పెల్లాగ్రా. వైద్య పుస్తకాల్లో అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. వీళ్లు తినేదేమో జొన్న. పైగా జొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ అంత తక్కువేం కాదు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువని, ఒంట్లో నియాసిన్ పనికి అదే అడ్డు తగులుతోందని 1960లో ఈ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఆయన సహచరుడు ప్రతిపాదించారు. దానిమీద తర్వాత వాదోపవాదాలు చాలానే నడిచాయి. కానీ ఆ రోగుల తిండి ఎలా ఉండేదో అడిగితే సగం జవాబు అక్కడే ఉంది: పొద్దున గటక, రాత్రి రొట్టె, నంజుకోను కారం. పప్పు లేదు, పాలు లేవు. అదే జొన్న ఇవాళ సూపర్‌మార్కెట్లో మిల్లెట్ పేరుతో ఖరీదైన ప్యాకెట్. జొన్న అప్పుడు దోషీ కాదు, ఇప్పుడు దేవతా కాదు.

విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటి కథ ఇంత మెలిక తిరగదు. విటమిన్ ఏ కాలేయంలో నిల్వ ఉంటుంది కనుక, పసివాళ్ల నోట్లో ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు పోస్తే సరిపోతుందని ఈ సంస్థ పరిశోధనలు చూపాయి. 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది.

గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంతో ఉండగా వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతోందని 1931లో ప్రకటించింది లూసీ విల్స్ అనే వైద్యురాలు. ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ యాసిడేనని తర్వాత తేలింది. దాన్ని అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంత చరిత్ర ఉన్న మాత్ర ఎన్నో ఇళ్లలో చూరులోనే ఉండిపోతుంది. వికారం పుడుతుంది, మలం నల్లగా వస్తుంది, బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటావిడ భయపెడుతుంది. వేసుకున్నవాళ్లు కూడా వెంటనే చాయ్ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనులు. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లోనైతే 70 శాతం. సరఫరా లెక్కలు చూస్తే ఇది అర్థం కాదు. పేగులో ఇనుము ఎలా ఇంకుతుందో తెలిసి, అత్తగారి ముందు ఆ కోడలితో మాట్లాడటమూ తెలిసిన మనిషి కావాలి. ఈ కోర్సులో జీవరసాయన శాస్త్రాన్నీ, ఊళ్లో తిరిగే ప్రాక్టికల్‌నూ పక్కపక్కన పెట్టింది అందుకే.

చదివాక ఆ అమ్మాయి వెళ్లేదెక్కడికి? కార్పొరేట్ ఆస్పత్రి డైట్ కౌంటరుకు, జిమ్‌కు, ప్రొటీన్ పొడి కంపెనీకి. వాళ్లను తప్పుపట్టలేం, జీతం అక్కడే ఉంది. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల్ని చేర్చుకునే పునరావాస కేంద్రాల్లో న్యూట్రిషనిస్టు పోస్టు ఉంది గానీ, అవి కొన్నే. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాలి.

బిడ్డ జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు గీత అని అంగన్‌వాడీ టీచరుకు తెలుసు. ఆ బిడ్డ ఎందుకు చిక్కిపోయిందో, విరేచనాల వల్లనా, తల్లి కూలికి పోతే చూసేవాళ్లు లేకనా, అంగన్‌వాడీ ఇచ్చిన బాలామృతం ప్యాకెట్ ఇంటిల్లిపాదీ పంచుకోవడం వల్లనా, తేల్చాలంటే వారంలో రెండుసార్లు ఆ ఇంటికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని అడగాలి. అన్ని రిజిస్టర్ల నడుమ ఆ టీచరుకు అంత తీరిక ఎక్కడిది? ఒక్కో అంగన్‌వాడీ ప్రాజెక్టు పరిధిలో ఈ చదువు చదివిన ఒక్కరినైనా పర్మినెంటుగా వేసి, రిజిస్టర్లు అంటగట్టకుండా, ఆ పనికే పంపమనండి.