రెండు గీతల పరీక్ష

2021వ సంవత్సరం డిసెంబరులో, శీతకాలపు సెలవులకు ముందు, ఒంటేరియో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల పిల్లలు పుస్తకాల సంచితోపాటు ఒక చిన్న పొట్లం కూడా ఇంటికి పట్టుకొని వెళ్ళారు. అందులో ఐదు కోవిడ్ పరీక్షలు ఉన్నాయి. మన హామిల్టన్ పిల్లలకూ అవి అందాయి. మీలో పెద్ద తరగతులవారికి ఆ సంగతి జ్ఞాపకం ఉండవచ్చు. చిన్నవారు అమ్మనో నాన్ననో అడగండి. ముక్కులో పుల్ల తిప్పించుకోవడం ఎవరికీ ఇష్టమైన పని కాదు గనుక ఇంట్లో ఎవరూ మరచిపోయి ఉండరు.

పొట్లం ఇంటికి చేరగానే పెద్దవాళ్ళకు ఒక ప్రశ్న ఎదురయింది. పిల్లవాడికి జ్వరమో దగ్గో వచ్చినప్పుడే ఈ పరీక్ష చేయాలా? లేక ఏ బాధా లేకపోయినా వారానికి రెండుసార్లు చేస్తూ ఉండాలా? జవాబు చెప్పాలంటే ఆ పరీక్ష దేనిని చూడగలదో, దేనిని చూడలేదో ముందుగా తెలుసుకోవాలి.

పుల్ల చివరనున్న దూదితో ముక్కు లోపల తుడిచి, దానిని ఒక చిన్న గొట్టంలోని ద్రవంలో తిప్పుతారు. వైరస్ ఉంటే దాని మాంసకృత్తులు ఆ ద్రవంలోకి వస్తాయి. వీటినే ప్రతిజనకాలు అంటారు. ఆ ద్రవాన్ని పట్టీ మీద కొన్ని చుక్కలు వేస్తారు. దీపపు వత్తి నూనెను పీల్చుకొన్నట్లుగా పట్టీ ఆ ద్రవాన్ని పీల్చుకొంటుంది. దారిలో రంగు రేణువులు అంటించిన ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి వైరస్ మాంసకృత్తిని పట్టుకొని దానితో కలిసి ముందుకు పోతాయి. ‘టి’ అనే చోట మరికొన్ని ప్రతిరక్షకాలు కాపు కాసి ఉంటాయి. అవి ఈ జంటను ఆపివేస్తాయి. అలా ఆగిన రేణువులన్నీ ఒకచోట చేరితే మనకు గీత కనబడుతుంది. చాలా పట్టీలలో ఆ రేణువులు బంగారానివి. అంత సన్నని రేణువులుగా చేసినప్పుడు బంగారం పచ్చగా కాక ఎర్రగా కనబడుతుంది!

‘సి’ గీత సంగతి వేరు. ద్రవం పట్టీ చివరిదాకా పోయిందనీ, పరీక్ష సరిగా జరిగిందనీ మాత్రమే అది చెబుతుంది. సి గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. సి, టి రెండూ వస్తే వైరస్ ఉన్నట్లు. టి గీత ఎంత వెలవెలబోతున్నా గీత గీతే. కాగితంలో చెప్పిన సమయానికే ఫలితం చూడాలి. మరచిపోయి గంట తరువాత చూసి కంగారు పడితే ఆ కంగారుకు అర్థం లేదు. మన ఊరివారు గమనించవలసిన మాట మరొకటి ఉంది. జనవరి చలిలో రాత్రంతా కారులో వదిలేసిన పొట్లం పనికిరాకుండా పోవచ్చు. దీనిని 2 నుండి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలని చాలా పెట్టెల మీద రాసి ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పట్టీ ఉన్న వైరస్‌ను పెంచి చూపలేదు. ప్రయోగశాలలో చేసే పి.సి.ఆర్. పరీక్ష అలా కాదు. అది వైరస్ జన్యుపదార్థాన్ని మాటిమాటికి రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, ముప్పై మార్లు జరిగితే నూరు కోట్లకు మించుతుంది. కాబట్టి కొద్దిపాటి వైరస్ కూడా దానికి దొరుకుతుంది. పట్టీకి మాత్రం ముక్కులో వైరస్ బాగా పెరిగిన తరువాతే దొరుకుతుంది. కాని 2021 డిసెంబరు 31 నుండి ఒంటేరియోలో పి.సి.ఆర్. పరీక్షను ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికే పరిమితం చేశారు. ఒమిక్రాన్ రకం వైరస్ అంత వేగంగా వ్యాపించింది. దానితో మామూలు ఇళ్ళకు పట్టీయే దిక్కయింది.

పట్టీ ఎంత నమ్మదగినది? ప్రపంచంలో జరిగిన అనేక పరిశోధనలను కోక్రేన్ అనే సంస్థ కలిపి చూసి, 2022లో లెక్క తేల్చింది. రోగలక్షణాలున్న రోగులు నూరుమందిలో సుమారు 73 మందిని పట్టీ పట్టుకొంది. ఏ లక్షణమూ లేని రోగులలో నూటికి సుమారు 55 మందినే పట్టుకొంది. వైరస్ లేని, లక్షణాలూ లేని వారిలో మాత్రం వెయ్యికి ముగ్గురికే పొరపాటున ఉన్నదని చెప్పింది.

ఈ అంకెలతో ఒక లెక్క చేద్దాం. పలక, బలపం తీసుకోండి. ఒక ఊరిలో ఏ బాధా లేని పిల్లలు వెయ్యిమంది ఉన్నారు. వారిలో 20 మందికి లోపల వైరస్ ఉంది. ఒక రోజున అందరికీ పరీక్ష చేస్తే 11 మంది దొరుకుతారు, 9 మంది తప్పించుకొంటారు. మిగిలిన 980 మందిలో ముగ్గురికి అబద్ధపు గీత వస్తుంది. అంటే 14 గీతలలో 11 నిజమైనవి. ఇది మంచి ఫలితమే. ఇక వ్యాధి బాగా తగ్గిన కాలం తీసుకొందాం. పదివేలమంది పిల్లలలో పదిమందికే వైరస్ ఉంది. అయిదారుగురు దొరుకుతారు. అబద్ధపు గీతలు మాత్రం 30 వస్తాయి! పట్టీ అదే, పుల్ల అదే. ఊరిలోని వ్యాధి తగ్గేసరికి గీత అర్థమే మారిపోయింది.

ఇలాంటి లెక్కలను వైద్యులకు నేర్పిన ముఖ్యమైన చోట్లలో మన హామిల్టన్ ఒకటి. ఇక్కడి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1967లో డేవిడ్ శాకెట్ ఒక విభాగాన్ని ప్రారంభించారు. ఏ వైద్యం, ఏ పరీక్ష నిజంగా మేలు చేస్తున్నదో లెక్కలు కట్టి తేల్చడం ఆ విభాగం పని. ‘నిదర్శనాల మీద ఆధారపడిన వైద్యం’ అనే పేరును 1991లో ప్రచారంలోకి తెచ్చిన గోర్డన్ గయట్ కూడా అక్కడివారే. ఉక్కు కర్మాగారాలకు పేరుపొందిన ఊరికి ఈ పేరు కూడా ఉందని చాలామందికి తెలియదు.

తప్పించుకొన్న 9 మంది మాటేమిటి? అందుకే వారానికి రెండుసార్లు అన్నారు. ఈ రోజు కొద్దిగా ఉన్న వైరస్ రెండు రోజులకు పెరిగి పట్టీకి దొరకవచ్చు. ఇంగ్లండులో 2021 మార్చి నుండి సుమారు ఏడాదిపాటు పై తరగతుల పిల్లలు ఇంటివద్ద వారానికి రెండుసార్లు పరీక్ష చేసుకొన్నారు. జర్మనీలోని ఒక రాష్ట్రంలో చిన్న పిల్లలు దూదిపుల్లను పుల్లమిఠాయిలాగా అర నిమిషం చప్పరించేవారు. తరగతి మొత్తం పుల్లలను కలిపి ఒకే పి.సి.ఆర్. పరీక్ష చేసేవారు. ముక్కుకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువ. నా మట్టుకు నాకు ఇదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది.

మన ఇళ్ళలో అంత ఏర్పాటు లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి పది పరీక్షలు వచ్చాయి. ఒక్కొక్కరికి వారానికి రెండు చొప్పున చేస్తే రెండున్నర వారాలకే అయిపోతాయి. 2022 జనవరిలో బడులు మళ్ళీ తెరిచేటప్పుడు మొదట చిన్న తరగతుల పిల్లలకు రెండేసి పరీక్షలు ఇచ్చారు. అవి జబ్బు లక్షణాలు కనిపిస్తే వాడుకోవడానికి. ఒక రోజు ఎడంతో రెండుసార్లు గీత రాకపోతే, జబ్బు కూడా నెమ్మదిస్తే బడికి పోవచ్చునన్నారు. ఫిబ్రవరి 9 నుండి మందుల దుకాణాలలోనూ సరుకుల దుకాణాలలోనూ పరీక్షలు ఉచితంగా పంచడం మొదలుపెట్టాక తొందర కొంత తగ్గింది.

ఇళ్ళు అన్నీ ఒక్కలాంటివి కావు. రోజుకూలి మీద పనిచేసే తల్లికి, బిడ్డ పట్టీ మీద గీత వచ్చిందంటే అయిదు రోజుల జీతం పోవచ్చు. అబద్ధపు గీత అయినా జీతం పోవడం నిజమే. మరొక ఇంటిలో గుంటూరు నుండో కరీంనగర్ నుండో వచ్చిన నాయనమ్మ ఉంటుంది. ఆమెకు మధుమేహం. మనుమడు రాత్రిళ్ళు ఆమె పక్కనే పడుకొంటాడు. ఇంకొక ఇంటిలో మూడేళ్ళ చెల్లెలు ఉంది. కెనడాలో అయిదేళ్ళలోపు పిల్లలకు 2022 జులై దాకా టీకాకు అనుమతి రాలేదు. ఈ మూడు ఇళ్ళకూ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

పరీక్షలు కొద్దిగా ఉన్నప్పుడు వాటిని రోజులు లెక్కపెట్టి కాక, అవసరం చూసి వాడడమే మంచిదని నా అభిప్రాయం. బిడ్డకు దగ్గు మొదలయినప్పుడు, తరగతిలో పక్కవాడికి వ్యాధి వచ్చినప్పుడు, నాయనమ్మను చూడడానికి పోయే రోజు ఉదయం చేయాలి. ముందు రోజు చేస్తే అది ముందు రోజు మాటే చెబుతుంది. ఊరంతా వ్యాధి ఉన్నప్పుడు, ఇంటిలో బలహీనులున్నప్పుడు మాత్రం వారానికి రెండుసార్లు చేసినా వృథా కాదు. గీత రాలేదు గదా అని దగ్గుతున్న పిల్లవాణ్ణి పుట్టినరోజు విందుకు పంపడం మాత్రం కూడదు. ఒంటేరియో శాస్త్రజ్ఞుల సలహా మండలి 2022 ఫిబ్రవరిలో ఈ మాటే చెప్పింది. ఒక్కసారి గీత రానంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదనీ, బుగ్గల లోపల, నాలుక వెనుక లేదా గొంతులో తుడిచి ఆ తరువాత రెండు ముక్కుపుటాలనూ తుడిస్తే వైరస్ దొరికే అవకాశం పెరుగుతుందనీ తెలిపింది.

ఉచితంగా పంచే పథకం 2023 జూన్ చివరికి ముగిసింది. ఆనాటి పొట్లాలు ఇంకా కొన్ని ఇళ్ళ అలమరలలో పడి ఉన్నాయి. పెట్టెమీది గడువు తేదీ చూడండి. కొన్ని రకాలకు గడువును తరువాత పొడిగించారు గాని, ఆ పొడిగించిన గడువు కూడా దాటిన పట్టీ చెప్పేదానిని నమ్మడానికి లేదు.