కెమెరా కన్నుకూ ఒక క్రమశిక్షణ

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో మా అమ్మగారు ఒంటరిగా నివసిస్తున్నారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగరీత్యా నాన్నగారు అక్కడ స్థిరపడ్డారు. వారు గతించిన తరువాత కూడా ఆమె ఆ ఇల్లు విడిచి రావడానికి అంగీకరించలేదు. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి నిరుడు సెలవులలో నాయనమ్మ ఇంటి వసారాలో బ్యాటరీతో పనిచేసే ఒక చిన్న కెమెరాను అమర్చి వచ్చాడు. మనిషి అలికిడి కాగానే మేల్కొని, ఒక చిత్రం తీసి మాకు పంపి, తిరిగి నిద్రించడం దాని పని.

ఒక సాయంత్రం చిత్రాలు రావడం ఆగిపోయింది. అమ్మ ఫోను ఎత్తలేదు. రెండు గంటలపాటు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. చివరకు ఆమే ఫోను చేసి, ఇరుగుపొరుగువారితో కలిసి బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్లి వచ్చానని చెప్పడంతో మా మనసులు కుదుటపడ్డాయి. అయితే, వారాల తరబడి రావలసిన బ్యాటరీ ఒక్క రోజులో ఎందుకు అడుగంటింది?

మేల్కొలుపులో వరుస

కెమెరాలో కాంతిని గ్రహించే చిప్పును సెన్సర్ అంటారు. దానిని నడిపించే ప్రోగ్రాముకు డ్రైవర్ అని పేరు. సెన్సర్‌కు ఒకే విద్యుత్తు చాలదు. ఉదాహరణకు, సోనీ సంస్థ తయారుచేసిన ఐఎంఎక్స్219 సెన్సర్‌కు 2.8, 1.8, 1.2 వోల్టుల సరఫరాలు మూడు కావాలి. వాటికి తోడు, గుండె చప్పుడు వలె సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లు కొట్టుకునే 24 మెగాహెర్ట్జ్ క్లాక్ సంకేతం కావాలి.

లినక్స్‌లోని దీని డ్రైవర్ ముందు సరఫరాలను, తరువాత క్లాక్‌ను ఇస్తుంది. ఆపై రీసెట్‌ను విడిచి, 6 మిల్లీసెకన్లకు పైగా వేచి ఉంటుంది. ఆ తరువాతనే సెన్సర్‌ను పలకరించి, దాని గుర్తింపు సంఖ్యను అడుగుతుంది. నిద్రలేచీ లేవని మనిషిని ప్రశ్నిస్తే సమాధానం రానట్లే, ఈ విరామం పాటించకపోతే సెన్సర్ కూడా బదులివ్వకపోవచ్చు. సరఫరా పూర్తిగా ఆగితే సెన్సర్ తన అమరికలన్నీ మరచిపోతుంది. కనుక ప్రతి మేల్కొలుపులోను వాటిని తిరిగి వ్రాయాలి.

క్లాక్ ఆపితే చాలదా?

డిజిటల్ వలయం పనిలో ఉన్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు క్లాక్ వేగాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. క్లాక్ ఆపితే ఈ ఖర్చు ఆగుతుంది. కాని సరఫరా ఉన్నంతసేపు లీకేజి కరెంటు పారుతూనే ఉంటుంది. అందుచేత బ్యాటరీ పరికరాలలో రెండింటినీ ఆపాలి. ఏది ముందో, ఏది వెనుకో సెన్సర్ తయారీదారు పత్రమే చెబుతుంది.

ఎప్పుడు ఆపాలన్నది మరొక ప్రశ్న. 2009లో వచ్చిన లినక్స్ 2.6.32లో దీనికొక ఏర్పాటు చేశారు. పరికరం కావాలన్న ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది, పని ముగియగానే ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నా అయితేనే విద్యుత్తు ఆగుతుంది.

మా అబ్బాయి చేసిన పొరపాటు

పక్కింటివారు బ్యాటరీని మార్చగా, మా అబ్బాయి ఇక్కడి నుండే డ్రైవర్‌ను పరిశీలించాడు. అది అతడు స్వయంగా వ్రాసుకున్నదే. రీసెట్ తరువాత విరామం ఇవ్వడం మరచినందువల్ల ఒకసారి సెన్సర్ బదులివ్వలేదు. డ్రైవర్ “విఫలమైంది” అని నమోదు చేసి వెనుదిరిగింది గాని, పెంచిన లెక్కను తగ్గించలేదు. తరువాతి చిత్రాలు సక్రమంగానే వచ్చాయి. కాని లెక్క ఒకటి నుండి రెండుకు పోయి మళ్లీ ఒకటికే వచ్చింది, సున్నాకు చేరనే లేదు. సెన్సర్ నిద్రపోకుండా బ్యాటరీని హరించింది. చిన్న విరామం, లెక్కను తగ్గించే ఒక్క వాక్యం చేర్చడంతో దోషం తొలగిపోయింది.

మన కర్మాగారంలోను ఇదే నియమం

యంత్రంపై మరమ్మతుకు దిగే ప్రతి ఉద్యోగి స్విచ్చికి తన తాళం, తన పేరుగల ట్యాగు తగిలిస్తాడు. చివరి తాళం తీసేవరకు ఎవరూ స్విచ్చి వేయరాదు. అదీ ఒక లెక్కే. పని పూర్తయిననాడు తాళం తీయడం అందరికీ గుర్తుంటుంది. పని మధ్యలో ఆగిననాడు, షిఫ్టు మారిననాడు, విసుగుతో వెనుదిరిగిననాడు గుర్తుండాలి. మనం తెరచినది మనమే మూయాలన్న బాధ్యత, పని చెడినప్పుడు కూడా తప్పదు.

ఇప్పుడు బారిడీహ్ నుండి చిత్రాలు క్రమంగా వస్తున్నాయి. అయినా గుడికి వెళ్లేముందు అమ్మ ఫోను చేసి మరీ వెళుతున్నారు.