విజయవాడ–వైజాగ్ ఫ్లైట్: 35 నిమిషాలా, నాలుగు గంటలా?

ఈరోజు లెక్క చిన్నదే. గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌కి దూరమెంత, టైమెంత?

ఏ డిస్టెన్స్ కాలిక్యులేటర్‌లో కొట్టినా సుమారు 290 కిలోమీటర్లు అని వస్తుంది. రోడ్డు మీద, రైల్లో అయితే 350 దాకా ఉంటుంది. కాలిక్యులేటర్‌కి మన గోదావరి బ్రిడ్జిలు, రాజమండ్రి, తుని ఏమీ తెలియవు. రెండు ఎయిర్‌పోర్ట్‌ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటుంది, భూమిని 6371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న బంతి అనుకుంటుంది, ఆ బంతి మీద అతి దగ్గర దారి కొలుస్తుంది. నాలుగైదు లైన్ల కోడ్, అంతే. దూరం వరకు దాన్ని నమ్మొచ్చు.

టైమ్ దగ్గరే తేడా కొడుతుంది. చాలా సైట్లు గంటకి 800 కిలోమీటర్లు అని ఒక స్పీడ్ పెట్టేసి భాగిస్తాయి. అది జెట్ విమానం బాగా పైకెళ్లి కుదురుకున్నాక వచ్చే స్పీడ్. 290 కిలోమీటర్లలో కుదురుకునే టైమ్ ఎక్కడిది? ఎక్కడం అయ్యీ అవ్వగానే దిగడం మొదలు. ఇలాంటి రూట్లలో తిరిగే రెక్కల ఫ్యాన్ల ఏటీఆర్ అయితే గంటకి 500 కిలోమీటర్లు. ఆ లెక్కన 35 నిమిషాలు రావాలి. టికెట్ మీద మాత్రం గంట, అటూఇటూగా ఉంటుంది.

ఎందుకంటే టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న టైమ్ కాదు, బ్లాక్ టైమ్. చక్రాలకి అడ్డం పెట్టినవి తీసి విమానం కదిలిన దగ్గర్నుంచి, అక్కడ ఆగి మళ్లీ అడ్డం పెట్టే దాకా. గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు–పడమర. గాలిని బట్టి పడమటికి లేస్తే, వైజాగ్ ఏమో ఈశాన్యంలో ఉంది, చుట్టూ తిరిగి రావాల్సిందే. వైజాగ్‌లో రన్‌వే నేవీది, వాళ్ల విమానాలతో పంచుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరం ముప్పావుగంట వేసుకోండి. చెకిన్ కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటన్నర ముందుండాలి. ఫ్లైట్ గంట. దిగి బయటికొచ్చి ఊళ్లోకి వెళ్లడానికి ఇంకో గంట. మొత్తం నాలుగుంపావు. వందే భారత్ నాలుగు, నాలుగున్నర గంటల్లో దింపుతుంది. రెండు వైపులా ఆటో కలిపితే ఐదు, ఐదుంపావు. అంటే ఫ్లైట్‌లో మిగిలేది గంట లోపే! దానికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టాలా అంటే, గాజువాక వైపు పనుంటే సరే, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పనికైతే నేను పెట్టను.

భోగాపురం ఎయిర్‌పోర్ట్‌తో ఈ గంట కూడా పోతుంది. గాల్లో పెరిగే దూరం 40 కిలోమీటర్లు, అంటే ఐదు నిమిషాలు. రోడ్డు మీద మాత్రం వైజాగ్ సిటీ నుంచి 45 కిలోమీటర్లు, కనీసం గంట. పైగా గన్నవరం నుంచి వెళ్లేవాళ్లు వైజాగ్‌ని దాటిపోయి, దిగి, వెనక్కి రావాలి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి మాత్రం పండగే.

ఉదయం పదకొండింటికి వైజాగ్‌లో ఇంటర్వ్యూనో, డాక్టర్ అపాయింట్‌మెంటో ఉంటే టికెట్ మీది ఆ గంటని చూసి ప్లాన్ చేయకండి, ముందురోజు రాత్రే రైలెక్కండి. ఫ్లైటే బుక్ చేస్తే దిగేది ఏ ఎయిర్‌పోర్ట్‌లోనో పేరు చదివి డబ్బులు కట్టండి.